ఎరుక ధ్యానం మనోవ్యథను తగ్గిస్తుందా? చర్చ ఎక్కడిదాకా వచ్చింది

2022లో ఎరుక ధ్యానం (మైండ్‌ఫుల్‌నెస్) మీద రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు బయటికొచ్చాయి. మొదటిది బ్రిటన్‌ది. 85 పాఠశాలల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో చేశారు. కొన్ని పాఠశాలల్లో శ్వాసను గమనించడం, వచ్చిన ఆలోచనను వచ్చినట్టే చూడడం నేర్పారు. మిగతా చోట్ల మామూలు పాఠాలే చెప్పారు. ఏడాది తర్వాత చూస్తే రెండు వర్గాల పిల్లల మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండోది అమెరికాది. ఆందోళన రుగ్మతతో బాధపడుతున్న 276 మంది పెద్దలను రెండు బృందాలు చేసి ఒక బృందానికి ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ, మరో బృందానికి వైద్యులు తరచూ రాసే ఎస్సిటాలోప్రామ్ మాత్ర ఇచ్చారు. ఆందోళనను తగ్గించడంలో ధ్యానం ఆ మాత్రకు తీసిపోలేదు.

మొదటిదాన్ని పట్టుకుంటే ధ్యానం దండగ అనవచ్చు. రెండోదాన్ని పట్టుకుంటే మందులే అక్కర్లేదనవచ్చు. రెండూ తొందరపాటే. ఈ చర్చ ఇంతగా చిక్కుపడడానికి అసలు కారణం ప్రశ్నను మొత్తంగా ఒకేసారి అడగడం. ధ్యానం పనిచేస్తుందా అని అడిగితే జవాబు దొరకదు. ఏ ధ్యానం, ఎవరికి, ఏ బాధకు, ఎవరి పర్యవేక్షణలో, దేనితో పోల్చినప్పుడు అని విడదీసి అడిగితే ఇప్పటికే చాలా జవాబులు చేతిలో ఉన్నాయి. వాటిని ఒకచోట పేర్చి చూపడమే ఈ సమీక్ష ఉద్దేశం.

మూలంలో ఏముంది?

ఈ సాధనకు ఆధారమైన పాలి గ్రంథాల్లో ముఖ్యమైనవి మజ్ఝిమ నికాయంలోని సతిపట్ఠాన సుత్తం, ఆనాపానసతి సుత్తం. మొదటిది గమనించాల్సినవాటిని నాలుగుగా విభజిస్తుంది: శరీరం, సుఖదుఃఖాది అనుభూతులు, మనఃస్థితి, ధర్మాలు. రెండోది లోపలికి వచ్చే, బయటికి పోయే శ్వాసను ఆసరా చేసుకుని పదహారు మెట్లుగా సాగుతుంది.

రెండు విషయాలు ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. ఒకటి, అష్టాంగ మార్గంలో ఎరుక ఒక అంగం మాత్రమే. దానికి ముందు సరైన మాట, సరైన పని, సరైన జీవనోపాధి ఉన్నాయి. శీలం లేకుండా ధ్యానాన్ని విడిగా తీసి ఇవ్వడం ఆ గ్రంథాల ఉద్దేశం కాదు. రెండు, అక్కడి లక్ష్యం పరీక్షల ఒత్తిడో నిద్రలేమో తగ్గించుకోవడం కాదు, తృష్ణను మూలంతో తుంచి దుఃఖం నుంచి పూర్తిగా విడుదల కావడం.

అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు సింహళంలో ఉండి రాసిన విశుద్ధిమగ్గ ఈ సాధనలన్నిటినీ ఒక క్రమంలో పెట్టింది. మనసును ఒకచోట నిలిపే శమథం, ఉన్నదున్నట్టు చూసే విపశ్యన అనే విభజన థేరవాదంలో స్థిరపడడానికి ఆ గ్రంథమే ప్రధాన ఆధారం. బుద్ధఘోషుడి స్వస్థలం నేటి పల్నాడు, గుంటూరు ప్రాంతంలోనిదని కొందరు పండితుల అభిప్రాయం. ఆయన సంప్రదించిన పాత వ్యాఖ్యల్లో ‘అంధక అట్ఠకథ’ ఒకటి. అమరావతి, నాగార్జునకొండ విహారాల నేలకు ఈ చర్చ పరాయిది కాదు.

బర్మా నుంచి ఇగత్‌పురికి, వూస్టర్‌కు

సామాన్య గృహస్థులు కూర్చుని ధ్యానం చేయడం అనాదిగా ఉన్న అలవాటని అనుకుంటాం గానీ, పెద్ద ఎత్తున అది జరిగింది గత నూటయాభై ఏళ్లలోనే. 1885లో బ్రిటిషు సేనలు ఎగువ బర్మాను ఆక్రమించి రాజరికాన్ని కూలదోశాయి. రాజు అండ పోయాక ధర్మం నిలవాలంటే దాన్ని ప్రజల చేతిలో పెట్టాలని లెడి సయాడో వంటి భిక్షువులు భావించారు. గృహస్థులకు అభిధర్మం, ధ్యానం నేర్పడం మొదలైంది. ఆ ఒరవడిలోనే మహాసి సయాడో వచ్చారు. పొట్ట పొంగడం, తగ్గడం గమనిస్తూ ప్రతి అనుభవానికీ మనసులో పేరు పెట్టుకునే పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చారు. బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన సయాజీ ఊ బా ఖిన్ శరీరమంతటా కలిగే సంవేదనలను గమనించే పద్ధతిని నేర్పారు.

ఊ బా ఖిన్ శిష్యుడే సత్యనారాయణ గోయెంకా. మాండలేలో పుట్టిన భారత సంతతి వ్యాపారి. తీవ్రమైన మైగ్రేన్‌తో సతమతమవుతూ 1955లో గురువు దగ్గరికి వెళ్లారు. తలనొప్పి తగ్గడానికి వచ్చానంటే గురువు మొదట ఒప్పుకోలేదు. రోగం కుదర్చడానికి ధర్మాన్ని వాడడం దాని విలువ తగ్గించడమేనని ఆయన అభిప్రాయం. మనసును శుద్ధి చేసుకోవడానికి అయితేనే రమ్మన్నారు. ధ్యానం చికిత్సా, సాధనా అని నేడు సాగుతున్న వాదమంతా ఆ ఒక్క తిరస్కారంలో ఉంది.

గోయెంకా 1969లో భారతదేశం వచ్చి పది రోజుల శిబిరాలు మొదలుపెట్టారు. మహారాష్ట్రలోని ఇగత్‌పురి ఆ ఉద్యమానికి కేంద్రమైంది. హైదరాబాదులో, నాగార్జునసాగర్‌లో కూడా ఆ సంప్రదాయానికి కేంద్రాలు ఉన్నాయి. శిబిరంలో తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. నాలుగున్నరకు సాధన మొదలవుతుంది. రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవాలి. మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, ఫోనూ పుస్తకమూ ఉండవు. మొదటి మూడు రోజులు శ్వాస మీదే దృష్టి, నాలుగో రోజు నుంచి విపశ్యన. ఆ తర్వాత రోజుకు మూడుసార్లు గంటసేపు కాలు చెయ్యి కదపకుండా కూర్చోవాలనే సంకల్పం. చివరి రోజు మైత్రీ భావన. రుసుము లేదు, శిబిరం పూర్తి చేసినవారి విరాళాలతోనే నడుస్తుంది. కిరణ్ బేడీ తీహార్ జైలు అధికారిగా ఉన్నప్పుడు 1994లో వెయ్యిమందికి పైగా ఖైదీలకు శిబిరం జరిగింది.

మరో పాయ అమెరికాకు వెళ్లింది. ఆసియాలో శిక్షణ పొందిన అమెరికన్ యువకులు కొందరు 1970ల మధ్యలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ధ్యానకేంద్రం పెట్టారు. విపశ్యన, జెన్ రెండూ అభ్యసించిన జీవశాస్త్రవేత్త జాన్ కబాట్-జిన్ 1979లో అదే రాష్ట్రంలో వూస్టర్‌లోని వైద్య కళాశాలలో, మందులకు లొంగని దీర్ఘకాలపు నొప్పులతో ఉన్న రోగుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. దాన్నే ఇప్పుడు ఎంబీఎస్ఆర్ అంటున్నారు. ఎనిమిది వారాలు, వారానికొక తరగతి, ఒక్కోటి రెండున్నర గంటలు. మధ్యలో ఒక పూర్తి రోజు మౌనం. ఇంట్లో రోజూ ముప్పావుగంట సాధన. తొలి తరగతిలో ఒక్క ఎండుద్రాక్ష అరచేతిలో పెడతారు. దాని ముడతలు చూడాలి, వేళ్ల మధ్య నలిపి చెవి దగ్గర పెట్టుకోవాలి, వాసన చూడాలి, నాలుక మీద ఉంచి ఆగాలి, ఆ తర్వాతే కొరకాలి. దేవుడు, పునర్జన్మ, నిర్వాణం ప్రస్తావన ఉండదు. 1982లో ఆయన ప్రచురించిన తొలి ఫలితాలు 51 మంది నొప్పి రోగులవి. పోల్చి చూడడానికి వేరే బృందం అందులో లేదు. ఆ చిన్న వ్యాసం నుంచే నేటి వేలకొద్దీ పరిశోధనలు పుట్టుకొచ్చాయి.

మూడు ఆలోచనా ధోరణులు

మొదటిది వైద్య ధోరణి. బాధ తగ్గిందా లేదా అన్నదే దీనికి కొలబద్ద. మూలం బౌద్ధమా మరొకటా అన్నది దీనికి అప్రధానం. కబాట్-జిన్ తర్వాత జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ ఈ మార్గాన్ని కుంగుబాటు చికిత్సకు మళ్లించారు. కాగ్నిటివ్ థెరపీతో ధ్యానాన్ని కలిపి వాళ్లు తయారుచేసిన పద్ధతి పేరు ఎంబీసీటీ. దీని బలం పరీక్షకు నిలబడడం. దీని బలహీనత సాధనలో కొలవడానికి వీలుకానివాటిని పక్కన పెట్టేయడం.

రెండోది సంప్రదాయ ధోరణి. వర్తమాన క్షణాన్ని మంచిచెడ్డలు ఎంచకుండా చూడడమే ఎరుక అన్న ఆధునిక నిర్వచనాన్ని భిక్ఖు బోధి వంటి పండితులు అసంపూర్ణమంటారు. ఏది కుశలం, ఏది అకుశలం అన్న వివేచన, విన్నదాన్ని మరవకుండా నిలుపుకోవడం, శీలం, ప్రయత్నం అన్నీ కలిసినదే సమ్యక్ స్మృతి అని వారి వాదన. ధ్యానాన్ని వైద్యానికి వాడడాన్ని వీరందరూ వ్యతిరేకించరు. ఒక భాగాన్ని మొత్తంగా చెలామణీ చేయవద్దంటారు. అయితే శీలంతో కూడిన సాధన మనోవ్యథను ఇంకా బాగా తగ్గిస్తుందని చూపే గట్టి పరీక్షలు ఇప్పటికి చాలా తక్కువ.

మూడోది సామాజిక విమర్శ. రోనాల్డ్ పర్సర్ 2019లో ‘మెక్‌మైండ్‌ఫుల్‌నెస్’ అనే పుస్తకంలో ఒక ప్రశ్న లేవనెత్తారు: ఉద్యోగికి ఒత్తిడి పనిగంటల వల్ల, అభద్రత వల్ల వస్తుంటే, శ్వాస గమనించుకో అని చెప్పడం తప్పును ఆ ఉద్యోగి మీదకే నెట్టడం కాదా? మన దేశంలో ఈ ప్రశ్న అంతకన్నా పాతది. 1956లో నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్, మనిషి మనిషికి చేసే అన్యాయం నుంచి పుట్టే దుఃఖాన్ని ధర్మానికి కేంద్రంగా నిలిపారు. కులం వల్ల కలిగే అవమానం కళ్లు మూసుకుని కూర్చుంటే పోదు. ఈ విమర్శ సరైనదే. కానీ అన్యాయం మీద పోరాడేవారికి కూడా నిద్రపట్టని రాత్రులుంటాయి. వ్యవస్థ మారేదాకా మనిషి బాధను పట్టించుకోవద్దని ఈ విమర్శకులు కూడా అనరు.

మన తెలుగునాట నాలుగో ధార ఒకటుంది. ‘శ్వాస మీద ధ్యాస’ అనే మాటను ఇంటింటికీ చేర్చింది కర్నూలులో మొదలైన పిరమిడ్ ధ్యాన ఉద్యమం. ఆనాపానసతి పేరు అక్కడా వినిపిస్తుంది గానీ పిరమిడ్ శక్తి వంటి భావనలు పాలి సుత్తాల్లో లేవు. ఈ వ్యాసంలో చెప్పే పరీక్షలు ఎంబీఎస్ఆర్, ఎంబీసీటీ తరహా శిక్షణల మీద జరిగినవి. వాటి ఫలితాలను ప్రతి ధ్యానానికీ అంటగట్టకూడదు.

పరీక్షలు ఏం తేల్చాయి?

అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది కుంగుబాటు తిరగబెట్టకుండా చూసే విషయంలో. 2000లో టీస్‌డేల్ బృందం 145 మందితో చేసిన పరీక్షలో, అప్పటికే మూడు అంతకుమించి సార్లు కుంగుబాటుకు లోనైనవారిలో మామూలు వైద్యం మాత్రమే పొందినవారికి 66 శాతం మందికి అది తిరగబెట్టింది. ఎంబీసీటీ తీసుకున్నవారిలో 37 శాతం మందికే. రెండుసార్లే లోనైనవారికి మాత్రం ఈ శిక్షణ ఉపయోగపడలేదు. 2004లో బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ ఈ పద్ధతిని పదేపదే కుంగుబాటుకు గురయ్యేవారికి సిఫారసు చేసింది. 2016లో తొమ్మిది పరీక్షల్లోని 1,258 మంది వివరాలను కలిపి చూస్తే, అరవై వారాల్లోపు తిరగబెట్టినవారు ఎంబీసీటీ బృందంలో 38 శాతం, మిగతావారిలో 49 శాతం. 2015లో 424 మందితో జరిగిన మరో పరీక్షలో ఎంబీసీటీ నేర్చుకుంటూ మందు క్రమంగా తగ్గించుకున్నవారికి రెండేళ్లలో 44 శాతం, మందు కొనసాగించినవారికి 47 శాతం తిరగబెట్టింది. అంటే ధ్యానం మందును మించలేదు. మందు మానుకోవాలనుకునేవారికి వైద్యుడి పర్యవేక్షణలో ఒక మార్గంగా నిలిచింది.

ఆందోళన విషయంలో ముఖ్యమైనది మొదట చెప్పిన అమెరికా పరీక్ష. తీవ్రత కొలమానం మీద రెండు బృందాల్లోనూ దాదాపు ఒకే మేరకు తగ్గుదల కనిపించింది. మాత్ర వేసుకున్నవారిలో 78.6 శాతం మందికి ఏదో ఒక దుష్ప్రభావం కలిగితే, ధ్యానం చేసినవారిలో 15.4 శాతం మందికి కలిగింది. అయితే ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన మూడో బృందం ఇందులో లేదు. రెండింటిలో దేనికైనా సిద్ధపడినవారే ఇందులో చేరారు.

జబ్బు లేకపోయినా ఒత్తిడిలో ఉన్నవారి సంగతి మరొకటి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 616 మంది విద్యార్థులతో జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, ఎనిమిది వారాల శిక్షణ పొందినవారు పరీక్షల కాలంలో తక్కువ వ్యథ చెందారు. 2023లో పరిశోధకురాలు గలాంటె బృందం 13 పరీక్షల్లోని 2,371 మంది వివరాలను కలిపి చూసి, ఏ శిక్షణా పొందనివారితో పోలిస్తే మనోవ్యథ కొంత తగ్గుతుందని తేల్చింది.

పిల్లల విషయంలో ఫలితం నిరాశపరిచింది. బ్రిటన్ పాఠశాలల్లో బోధించింది ధ్యానంలో కొద్దిపాటి తర్ఫీదు పొందిన ఉపాధ్యాయులు. పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర సాధన చేయలేదు. ఈ శిక్షణ కావాలని వాళ్లు అడిగిందీ లేదు. అమెరికా పరీక్షలో పెద్దలకు బాధ ఉంది, అది పోవాలన్న కోరిక ఉంది, అనుభవజ్ఞుడైన గురువు ఉన్నాడు, రోజూ ముప్పావుగంట సాధన ఉంది. 2022 నాటి రెండు ఫలితాలు పరస్పర విరుద్ధమైనవి కావు, వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన వేర్వేరు జవాబులు. 2018లో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో ఆనంద పాఠ్యప్రణాళిక పేరుతో రోజూ కాసేపు ధ్యానం ప్రవేశపెట్టారు. అలాంటి ప్రయత్నం చేయాలనుకునే ఏ రాష్ట్రమైనా ముందు బ్రిటన్ అనుభవాన్ని చదవాలి.

దేనితో పోల్చి?

ఈ రంగంలో జరిగిన పొరపాట్లలో ఎక్కువ భాగం పోలికలోనే ఉన్నాయి. శిక్షణ కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవారితో పోలిస్తే దాదాపు ఏ శిక్షణైనా మంచిగానే కనిపిస్తుంది. వారానికోసారి పదిమందిని కలవడం, ఒకరు తమ మాట వినడం, బాగవుతుందన్న ఆశ, వీటన్నిటి ప్రభావమూ ధ్యానం ఖాతాలో పడిపోతుంది. అందుకే జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన మాధవ్ గోయల్ బృందం 2014లో ఒక కఠిన నియమం పెట్టుకుంది. అంతే సమయం, అంతే శ్రద్ధ పొందిన మరో బృందంతో పోల్చిన పరీక్షలనే లెక్కలోకి తీసుకుంది. పద్దెనిమిది వేలకు పైగా ప్రస్తావనలు వడబోస్తే మిగిలినవి 47 పరీక్షలు, 3,515 మంది.

ఫలితం: ఎనిమిది వారాల శిక్షణ ముగిసేసరికి ఆందోళన మీద ప్రభావం 0.38, కుంగుబాటు మీద 0.30. మూడు నుంచి ఆరు నెలల తర్వాత అవి 0.22, 0.23కి దిగాయి. ఈ అంకెలకు అర్థం ఏమిటంటే, ధ్యానం చేసిన ఒకరిని, చేయని ఒకరిని తీసుకుని నూరు జతలు కడితే, 0.30 ప్రభావం ఉన్నచోట దాదాపు 58 జతల్లో ధ్యానం చేసినవారి స్థితి మెరుగ్గా ఉంటుంది. ఏ ప్రభావమూ లేకపోతే అది 50 ఉండేది. చిన్న మేలే గాని నిజమైన మేలు. మందులకన్నా, వ్యాయామంకన్నా, ఇతర మానసిక చికిత్సలకన్నా ధ్యానం మిన్న అనడానికి ఆధారం దొరకలేదని కూడా ఆ బృందం స్పష్టంగా రాసింది. 2021లో 136 పరీక్షలను సమీక్షించిన గలాంటె బృందం చెప్పిందీ దాదాపు ఇదే. ఏమీ చేయకపోవడంకన్నా మేలు, వ్యాయామం వంటి మరో మంచి పనికన్నా ఎక్కువని చెప్పలేం, అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు.

లోపల ఏం జరుగుతుంది?

టీస్‌డేల్ బృందం వివరణ ఇది. పలుమార్లు కుంగుబాటు అనుభవించినవారిలో మామూలు దిగులు కూడా పాత ఆలోచనల దారిని తెరుస్తుంది. ‘నేను ఎందుకూ పనికిరాను’ అన్న మాట ఒకసారి మెదిలితే దాని చుట్టూ మనసు గంటల తరబడి తిరుగుతుంది. ధ్యానం ఆ మాటను ఆపదు. అది వాస్తవం కాదు, వచ్చిపోయే ఒక ఆలోచన మాత్రమేనని గుర్తించే ఎడం ఇస్తుంది. మూడు అంతకుమించి సార్లు కుంగుబాటు అనుభవించినవారికే 2000 నాటి పరీక్షలో మేలు కలగడానికి ఇదే కారణమని వారి భావన.

గమనించడం ఒక్కటే చాలదని మరో దారిలో తేలింది. ఎరుకను కొలవడానికి 2006లో తయారైన 39 ప్రశ్నల పట్టికలో గమనించే గుణానికి కొన్ని ప్రశ్నలున్నాయి. ధ్యానం అలవాటు లేనివారిలో ఆ గుణం ఎక్కువగా ఉన్నంత మాత్రాన మనశ్శాంతి కనిపించలేదు. గుండెదడను అదేపనిగా గమనించే ఆందోళనపరుడికి అది శాంతినివ్వదు కదా. 2018లో 153 మందితో జరిగిన ఫోన్ శిక్షణ పరీక్ష ఈ అంశాన్ని విడదీసి చూసింది. గమనించడంతోపాటు గమనించినదాన్ని ఒప్పుకోవడం కూడా నేర్పినవారిలోనే ఒత్తిడి వేళ కార్టిసోల్, రక్తపోటు తక్కువగా పెరిగాయి. గమనించడం మాత్రమే నేర్పినవారిలో ఆ మేలు లేదు.

మెదడే మారిపోతుందన్న వాదన మాత్రం నిలవలేదు. 2011లో పదహారు మంది ధ్యానబృందంతో చేసిన అధ్యయనం ఎనిమిది వారాల్లో మెదడులో కొన్ని భాగాల సాంద్రత పెరిగిందని చెప్పి ప్రపంచమంతా ప్రచారం పొందింది. 2022లో 218 మందితో మరింత కట్టుదిట్టంగా చేసిన అధ్యయనంలో అలాంటి మార్పేదీ కనిపించలేదు.

హాని మాటేమిటి?

ధ్యానానికి దుష్ప్రభావాలుండవన్న నమ్మకం ఆధునికులది. ప్రాచీనులు అలా అనుకోలేదు. శరీరం అశుభమన్న భావనను వైశాలిలో తీవ్రంగా సాధన చేసిన కొందరు భిక్షువులు దేహం మీద రోత పుట్టి ప్రాణాలు తీసుకున్నారని వినయపిటకం నమోదు చేసింది. సంగతి తెలిశాక బుద్ధుడు మిగిలినవారికి ఆనాపానసతిని బోధించాడని ఆ కథనం. ఒకే సాధన అందరికీ సరిపడదని బౌద్ధ సంప్రదాయం అంత ముందే గుర్తించింది. పద్దెనిమిదో శతాబ్దపు జపాన్ జెన్ గురువు హకుయిన్ కూడా అతిసాధన వల్ల తనకు వచ్చిన జబ్బు గురించి రాశాడు.

ఆధునిక పరిశోధకుల్లో జారెడ్ లిండాల్, విల్లోబీ బ్రిటన్ 2017లో సాధకులనూ గురువులనూ విడివిడిగా అడిగి, భయం, నిద్ర పట్టకపోవడం, తనకు తానే పరాయిగా తోచడం మొదలైన 59 రకాల కష్టానుభవాలను నమోదు చేశారు. 2020లో 83 అధ్యయనాలను పరిశీలించిన మరో సమీక్ష మొత్తం మీద 8.3 శాతం మందిలో అవాంఛిత ప్రభావాలు ఉన్నాయంది. అయితే ప్రయోగాల్లో అది 3.7 శాతమే, పరిశీలనా అధ్యయనాల్లో 33.2 శాతం. ఇంత తేడాకు ఒక కారణం అడిగే తీరు. చాలా ప్రయోగాల్లో హాని గురించి పద్ధతిగా అడగనే లేదు. 2021లో విల్లోబీ బ్రిటన్ బృందం 96 మందిని వివరంగా ప్రశ్నిస్తే, ఎక్కువ కాలం నిలిచిన చెడు ప్రభావాలు 6 నుంచి 14 శాతం మందిలో బయటపడ్డాయి. మరోవైపు 2022లో ఎంబీఎస్ఆర్ పరీక్షలను తిరిగి లెక్కించిన అధ్యయనంలో, శిక్షణ పొందినవారికి పొందనివారికన్నా ఎక్కువ హాని జరిగినట్టు తేలలేదు.

వీటిని కలిపి చదివితే ఒక తీర్పు వస్తుంది. గురువు పర్యవేక్షణలో రోజుకు ముప్పావుగంట సాధన చాలామందికి సురక్షితం. రోజుకు పది గంటల మౌన శిబిరం వేరే సంగతి. సైకోసిస్, బైపోలార్, తీవ్ర మానసిక గాయానుభవాలు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా అందులో చేరకూడదు. గోయెంకా సంప్రదాయంలోని కేంద్రాలు దరఖాస్తులోనే మానసిక రుగ్మతల గురించి అడుగుతాయి. ఆ గడిలో నిజం రాయడం దరఖాస్తుదారు ప్రాణానికే రక్ష.

పక్కపక్కన పెట్టి చూస్తే

• పదేపదే వచ్చే కుంగుబాటు: ఎంబీసీటీకి బలమైన ఆధారం. మందుతో సమానంగా నిలిచింది, మించలేదు.

• ఆందోళన రుగ్మతలు: ఆశాజనకం. ఒక పెద్ద పరీక్షలో మందుకు తీసిపోలేదు. అలాంటివి మరికొన్ని రావాలి.

• జబ్బు లేనివారి ఒత్తిడి: చిన్నపాటి మేలు. వ్యాయామం వంటివి కూడా అంతే మేలు చేయగలవు.

• పాఠశాల పిల్లలందరికీ ఒకే మూసలో బోధన: ఉపయోగం రుజువు కాలేదు.

• పది రోజుల విపశ్యన శిబిరం: అనుభవసాక్ష్యాలు విస్తారం, కట్టుదిట్టమైన పరీక్షలు తక్కువ. తీహార్ వంటి చోట్ల జరిగిన అధ్యయనాలు ఉత్సాహం కలిగించినా వాటి పోలిక బృందాలు బలహీనం.

• తీవ్ర మానసిక రుగ్మత: మందుకు, వైద్యుడికి ధ్యానం ప్రత్యామ్నాయం కాదు.

ఇంకా తేలనివి

ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పగలమా? 2014లో మార్క్ విలియమ్స్ బృందం 274 మందితో చేసిన పరీక్షలో ఎంబీసీటీ మొత్తం మీద ప్రత్యేకించి మెరుగ్గా లేదు. కానీ బాల్యంలో మనసు ఎక్కువ గాయపడినవారికి స్పష్టంగా మేలు చేసింది. గాయపడ్డవారికి ధ్యానం ప్రమాదమన్న హెచ్చరికకూ, వారికే మేలన్న ఈ ఫలితానికీ సమన్వయం ఇంకా కుదరలేదు. శిక్షకుడి నైపుణ్యం ఇక్కడ నిర్ణాయకం కావచ్చు.

ఎంత సాధన చాలు, యాప్ గురువుకు బదులు కాగలదా, ఎనిమిది వారాల మేలు ఎనిమిదేళ్లు నిలుస్తుందా, శీలంతో కలిపి నేర్పితే ఫలితం మారుతుందా అన్నవీ తేలాల్సినవే. వీటన్నిటికన్నా మనకు దగ్గరి ప్రశ్న మరొకటి. ఈ పరీక్షల్లో పెద్ద భాగం ఇంగ్లీషు మాట్లాడే సంపన్న దేశాల్లో, చదువుకున్న మధ్యతరగతి మీద జరిగాయి. నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు ఎంచుకున్న పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. కుంగుబాటు ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి ఏ చికిత్సా అందడం లేదని ఆ సర్వే చెప్పింది. తెలుగులో మాట్లాడే, రోజుకూలీ మీద బతికే మనిషికి ఈ ధ్యానం ఏ రూపంలో, ఎంత ఉపయోగమో తేల్చవలసింది మన వైద్య కళాశాలలే.

తీర్పు

నలభై ఏళ్లకు పైగా సాగిన పరిశోధన ధ్యానాన్ని సంజీవని అని తేల్చలేదు, బూటకమని కూడా తేల్చలేదు. ఇష్టపడి నేర్చుకునేవారికి, అనుభవమున్న శిక్షకుడి దగ్గర, క్రమం తప్పకుండా చేస్తే మనోవ్యథను కొంత తగ్గిస్తుంది. పాత కుంగుబాటు మళ్లీ రాకుండా చాలామందిని కాపాడుతుంది. ఇంతవరకు నిలబడ్డ సత్యం ఇది. దీనికి మించి హామీ ఇచ్చేవారిని నమ్మవద్దు, దీన్ని కొట్టిపారేసేవారి మాటా పట్టించుకోవద్దు. వాడుతున్న మందును ధ్యానం మొదలుపెట్టామని సొంతంగా ఆపవద్దు. సాధనలో భయమో, నిద్రలేమో, లోకం అవాస్తవంగా తోచడమో మొదలైతే పట్టుదలకు పోకుండా ఆపి, శిక్షకుడికీ వైద్యుడికీ చెప్పాలి. బతకడమే భారమన్న ఆలోచన వస్తుంటే ముందుగా చేయవలసింది ధ్యానం కాదు, ఒక మనిషితో మాట్లాడడం. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో కూడా అందుబాటులో ఉంది.